ఎర్రరాళ్ల లోయకు పాపాయమ్మ ప్రయాణం

నెత్తిన చేపల గంపతో నలభై ఏళ్లు ఊళ్లు తిరిగిన కాళ్లు పాపాయమ్మవి. కూర్చున్నా కుదురుగా ఉండవు. గండికోట దగ్గర పెన్న కొండను నిలువునా కోసిందనీ, వేసవిలో ఆ ఎర్రరాళ్ల లోయలో చుక్క నీరుండదనీ కడప బండివాడొకడు చెప్పిన నాటినుంచి ఆమె ప్రయాణపు ఏర్పాట్లలోనే ఉంది. అటుకుల మూట, చెకుముకి రాయి, పడుకోవడానికి గోనెపట్టా సిద్ధం. కాశీకి వెళతానంటే కాళ్లు కడిగి పంపే జనం, రాళ్లు చూస్తానంటే పిచ్చన్నారు.

"అక్కడ దేవుడేడే అక్కా?" అన్నాడు తమ్ముడు లోవరాజు.

"దేవుణ్ణి చూడ్డానికి మీరంతా ఉన్నారుగా. గోదారి మన్ను పొయ్యడమే చూశాను. ఏరు రాయిని కొయ్యడం చూడాలి."

"దాహానికే చస్తావు."

చివరికి పందెం కుదిరింది. వైశాఖపు ఎండలో, ఏటి నడుమ లంక ఇసుకమీద, ఒక్క చెంబు నీళ్లతో పొద్దుగూకేదాకా ఉండాలి. గోదారిలో దోసిలి ముంచితే ప్రయాణం మానుకోవాలి. పాపాయమ్మ చెంగు కప్పుకొని గుక్కెడు గుక్కెడే తాగింది. ఎక్కడ మోసం చేస్తుందోనని లోవరాజు ఎదుటి గట్టు వదల్లేదు, నీళ్లు తాగడానికైనా ఏట్లోకి దిగలేదు.

సాయంత్రం ఆమె పాయ దాటి వచ్చేసరికి అతని పెదవులు ఎండి తెల్లబడి ఉన్నాయి. సగం నిండుగా ఉన్న చెంబు అతని చేతిలో పెట్టింది.

"తాగరా. తాగి, తోమి తీసుకురా. తెల్లారగట్ల బయల్దేరాలి."