ముద్ర లేని కంటె

కుంకుడుకాయలు నానబెట్టిన గిన్నె మూత తీయగానే నాకు ముందు తుమ్ము వస్తుంది, ఆ తర్వాత అప్పలాచారి గారు గుర్తొస్తారు. ఇవాళ పొద్దున్న కొట్టు తలుపులు తీసి, గోరువెచ్చటి నీళ్ళలో గింజలు తీసిన కాయలు పిసుకుతుంటే మళ్ళీ అదే వరస. నగలు కడగడానికి ఇప్పుడు సీసాల్లో ఏవేవో ద్రావకాలు దొరుకుతున్నాయి, మా కొట్లోనూ ఒకటుంది. కానీ చీడికాడ అవతలి నుంచి పైడమ్మ గారు తన కంటె కడిగించుకోవడానికి వచ్చే రోజు మాత్రం కుంకుడు నీళ్ళే. సీసా మూత తీస్తే ఆచారి గారు పైనుంచి ఓ కేక వేస్తారని నా భయం. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ కేకంటే నాకు ఇంకా హడలే.

ఆయన్ని చూడనివాళ్ళకు కాస్త చెప్పాలి. బక్కపలచటి మనిషి, కళ్ళద్దాలు ఎప్పుడూ ముక్కు చివరనే. బంగారం పరీక్షించే ఆసిడ్ తగిలి తగిలి ఎడమ చేతి బొటనవేలి గోరు గోధుమరంగుకి తిరిగిపోయింది. చోడవరం బజారు వీధిలో చిన్న కొట్టు. ముందు సగం అమ్మకం, వెనక సగం కుంపటి. నగల మీద హాల్‌మార్క్ ముద్ర తప్పనిసరి అయిన కొత్తలో, ముద్ర నంబర్లు కంప్యూటర్‌లో ఎక్కించడానికి ఎవరైనా చదువుకున్న పిల్ల కావాలని ఆయన వాకబు చేస్తుంటే, డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో కూర్చున్న నేను వెళ్ళాను. మా అమ్మ క్రైస్తవ ప్రార్థన మందిరానికి వెళ్ళే మనిషి, నగ ముట్టదు. మా ఇంట్లో బంగారం అన్న మాట ప్రసంగాల్లో వినడమే తప్ప కంటితో చూసింది తక్కువ. ఆచారి గారు నన్ను పైనుంచి కిందికి ఓసారి చూశారు.

"మెళ్ళో ఏటీ లేదు, సెవుల్లో ఏటీ లేదు. మా కొట్టుకి దిష్టిబొమ్మనేటి పంపించేడమ్మా ఆ దేవుడు?"

"మేం పెట్టుకోమండీ. మా మందిరంలో..." అని నేను మొదలెట్టాను.

"ఓలమ్మా, సంజాయిషీ దేనికి? నాకు అదే మంచిది. నీ కన్ను నగ మీద పడదు, ముద్ర మీద పడతాది. కూకో."

అలా కూర్చున్నాను. ఇంటికెళ్ళి చెబితే మా అమ్మ చాలాసేపు ఆలోచించి, "ముట్టుకో గానీ తగిలించుకోకు" అని అనుమతి ఇచ్చింది. ఆ ఒప్పందం ఇప్పటికీ చెల్లుతూనే ఉంది.

మొదటి వారంలోనే పరువు పోగొట్టుకున్నాను. ఆచారి గారు భూతద్దం ఇచ్చి, ఓ ఉంగరం లోపలి వైపు ఏముందో చదవమన్నారు. ఓ త్రికోణం, 916 అన్న అంకె, ఆ పక్కన అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు కనిపించాయి. 916 అంటే ఏమిటని అడిగితే, "మీ మోడల్ నంబరు కదండీ" అన్నాను. ఆయన నవ్విన నవ్వుకి కళ్ళద్దాలు వెళ్ళి కుంపటి పక్కన పడ్డాయి.

"మోడల్ నంబరా! మా స్కూటర్ నంబరనలేదు, నయం" అంటూ కళ్ళు తుడుచుకుని, ఓపిగ్గా చెప్పారు. త్రికోణం ప్రభుత్వం గుర్తు. 916 అంటే వెయ్యి పాళ్ళలో తొమ్మిది వందల పదహారు పాళ్ళు బంగారం, మిగతాది రాగీ వెండీ. మనం ఇరవై రెండు క్యారెట్లని పిలిచేది దాన్నే. 750 అని ఉంటే పద్ధెనిమిది క్యారెట్లు. చివరి ఆరూ ఆ ఒక్క నగకే సొంతమైన నంబరు, ఫోన్‌లో కొడితే దాని పుట్టుపూర్వోత్తరాలు వస్తాయి. "మరి వెయ్యికి వెయ్యీ బంగారమే పెట్టొచ్చు కదండీ?" అన్నాను. "ఒట్టి బంగారం మెత్తన. రాగి కలపకపోతే గొలుసు మెళ్ళోనే సాగిపోతాది" అన్నారు. ఆ తర్వాత వేలు చూపించి, "ముద్ర ఎక్కడుందో ముందు సూడు. ఏటి రాసుందో ఆనక సూడు" అన్నారు. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు, అయినా తల ఊపాను.

అర్థమయ్యే రోజు తొందరగానే వచ్చింది. రోలుగుంట నుంచి ఒకాయన గొలుసు తెచ్చి, ఎక్కడో కొన్నానని, మంచిదో కాదో చూడమన్నాడు. భూతద్దం పెట్టాను. 916 స్పష్టంగా ఉంది, కానీ కొక్కెం మీద మాత్రమే. గొలుసు పసుపు ఒకలా ఉంది, కొక్కెం పసుపు ఒకలా ఉంది. ఆచారి గార్ని పిలిచాను. ఆయన గీటురాయి మీద గొలుసుని గీసి ఓ చుక్క ఆసిడ్ వేస్తే గీత కాస్తా మాయమైంది. పాత నగ కొక్కెం తెచ్చి ఎవరో ఇత్తడి గొలుసుకి అతికించారు. "ముద్ర కొక్కేనిది నాయనా, గొలుసుది కాదు" అని ఆయనకి చెప్పి, నా వైపు తిరిగి, "ఈ గుంటకి కన్ను కుదిరిందిరా" అన్నారు. ఇక నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ముద్ర చదవడం వచ్చేసింది కాబట్టి బంగారం చదవడం వచ్చేసినట్టే అనుకున్నాను. నా కొంప ముంచింది ఆ మెప్పే.

ఆచారి గారు పని మీద అనకాపల్లి వెళ్ళిన రోజు పైడమ్మ గారు వచ్చారు. యాభై దాటిన మనిషి, ఎండకి కమిలిన ముఖం, వెంట వాళ్ళ తోటికోడలు. రుమాలు ముడి విప్పి ఓ పాత కంటె నా ముందు పెట్టారు.

"మా అత్త ఇచ్చింది తల్లీ. తొమ్మిదేళ్ళు మంచం మీదుంటే నేనే సూసుకున్నాను. పోయే ముందర తన మెళ్ళోంచి తీసి నా మెళ్ళో ఎట్టింది. ఇంట్లో తలో మాటా అంటన్నారు. మంచిదో కాదో సూసి సెప్పు."

కంటెని ఆ చివర నుంచి ఈ చివరిదాకా భూతద్దంతో వెతికాను. త్రికోణం లేదు, అంకె లేదు, ఏమీ లేదు. కొట్లో అప్పుడు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళందరికీ నా చదువు తెలియాలి కదా, గొంతు పెంచి చెప్పాను.

"దీని మీద ముద్ర లేదమ్మా."

"అంటే కాదా తల్లీ?"

"బంగారమైతే ముద్ర ఉంటాది కదమ్మా."

తోటికోడలు చెయ్యి తిప్పింది. "నేను సెప్పలేదేటి? ముసల్ది గిల్టు నీకంటగట్టీసి పోయింది. తొమ్మిదేళ్ళ సాకిరీకి అదీ నీకు దక్కింది."

పక్కనెవరో నవ్వారు. పైడమ్మ గారు కంటెని రుమాల్లో పెట్టి ఒక ముడి వేశారు, దాని మీద ఇంకొకటి, మళ్ళీ ఇంకొకటి. చీడికాడ బస్సు ఎన్నింటికని అడిగి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఆచారి గారు రాగానే, గిల్టు కంటె పట్టుకున్నానని గొప్పగా చెప్పాను. ఆయన టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టారు.

"రాయి మీద గీసేవా?"

"లేదండీ."

"మరేటి సూసేవు?"

"ముద్ర."

"ఒసే గుంటా, ఆ కంటె సేసినప్పుడు ఈ ముద్రలెక్కడియ్యే? మా అయ్య సేసిన నగల్లో ఒక్కదానికీ ముద్ర లేదు. అయ్యన్నీ గిల్టేనా?" కేక వేస్తారనుకున్నాను, వెయ్యలేదు. అందుకే ఇంకా ఎక్కువ భయమేసింది. "ముద్ర లేపోతే తెలీదు అనాల. కాదు అనకూడదు. తెలీదు అంటే నీ నోరేటి అరిగిపోతాదా?"

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డబ్బు నష్టమైతే ఎలాగో సర్దుకోవచ్చు. ఓ చనిపోయిన ముసలావిడ ప్రేమని నేను నలుగురి ముందు ఇత్తడి చేసి పంపించాను.

మర్నాడు ఆచారి గారు కొట్టు తెరవలేదు. గీటురాయీ, ఆసిడ్ సీసా, గీతలు సరిపోల్చుకునే బంగారు కడ్డీలూ సంచీలో వేసుకుని, నన్ను స్కూటర్ వెనకాల ఎక్కించుకున్నారు. దారి పొడుగునా చెరకు తోటలు, ఎదురుగా కొండలు దగ్గరవుతున్నాయి. చీడికాడలో బస్సు ఆగే చోట వాకబు చేసి, అవతలి ఊళ్ళో ఇద్దరిని అడిగి ఇల్లు పట్టుకున్నాం. పైడమ్మ గారు వాకిట్లో వడియాలు పెడుతున్నారు. నన్ను చూడగానే ముఖం తిప్పేసుకున్నారు.

"అమ్మా, తప్పు మా కొట్టుది. దిద్దుకోడానికొచ్చేం" అన్నారు ఆచారి గారు, చేతులు జోడించి. "ఒక్కసారి కంటె తేవాల. మీ తోటికోడల్నీ పిలవండి."

తోటికోడలు వచ్చింది, ఆవిడ వెనక ఇరుగుపొరుగూ వచ్చారు. ఆచారి గారు రాయి నా చేతికే ఇచ్చారు. కంటె లోపలి అంచుని రాయి మీద గీశాను.

"ఒకసారి గీస్తే పైపూతే పలకొచ్చు. అదే సోట మళ్ళీ గియ్యి. మళ్ళీ."

మూడుసార్లు గీశాను. ఆ పక్కనే ఇరవై రెండు క్యారెట్ల కడ్డీతో ఒక గీత, పద్ధెనిమిదితో ఇంకో గీత. మూడింటి మీదా ఆసిడ్ చుక్క అడ్డంగా లాగాను. పద్ధెనిమిది గీత కొంచెం నల్లబడింది. ఇరవై రెండు కడ్డీ గీతా, కంటె గీతా అలాగే ఉన్నాయి, ఏది ఏదో పోల్చుకోలేనంత ఒక్కలాగా. నాకు ఏడుపొచ్చేసింది.

"ఇరవై రెండుకి తగ్గదమ్మా" అన్నారు ఆచారి గారు. "ఇంతకన్నా లెక్క నా రాయి సెప్పలేదు. మిషన్ కాడికి తీసుకెళ్తే కచ్చితంగా సెప్తారు." తర్వాత నా వైపు చూశారు. "నిన్న కొట్లో గట్టిగా సెప్పేవంట కదా. అంత గట్టిగానూ సెప్పు."

వీధిలోకి వినబడేలా చెప్పాను. "ఇది బంగారమే. ముద్ర లేదని నేను తప్పు సెప్పేను. మీ అత్తగారు మీకు బంగారమే ఇచ్చేరు."

తోటికోడలు ఎవరో పిలిచినట్టు పక్కింట్లోకి వెళ్ళిపోయింది. పైడమ్మ గారు కంటె అందుకోలేదు. లేచి, పిండి చేతులు చీర చెంగుకి తుడుచుకుంటూ ఇంట్లోకి నడిచారు. గుమ్మంలోంచి నాకు లోపలి గోడ కనిపిస్తోంది. దాని మీద ఓ ఫొటో, వెనక్కి తిరగేసి ఉంది, అట్టా మేకులూ మాత్రమే కనబడుతున్నాయి. పైడమ్మ గారు దాన్ని ముందుకి తిప్పి, చెంగుతో అద్దం తుడిచారు. పళ్ళులేని ఓ ముసలావిడ నవ్వుతోంది, మెళ్ళో అదే కంటె.

"నిన్న ఇంటికొచ్చి తిప్పీసేను తల్లీ" అన్నారు బయటికొచ్చి. "సచ్చిపోయిన మనిషిని అనుమానించీసేను." మాకు మజ్జిగ ఇచ్చారు. తిరుగు దారిలో ఆచారి గారు ఏదో పాత పాట కూనిరాగం తీశారు. ఆ స్కూటర్ మీద వెనక కూర్చుని నేను హాయిగా ఏడ్చాను.

ఆయన పోయాక వాళ్ళ అమ్మాయి కొట్టు నాకే అప్పజెప్పి, గీటురాయి కూడా ఇచ్చింది. ఇప్పుడు జనం నాకంటే ముందే ఫోన్‌లో నంబరు కొట్టి చూసుకుంటున్నారు, మంచిదే. రాయితో పని తగ్గింది. కానీ ముద్ర లేని నగ ఏదైనా నా ముందుకొస్తే, భూతద్దం తీసే ముందు నోట్లోంచి వచ్చే మాట ఒకటే: "తెలీదమ్మా, చూద్దాం." పెద్ద కొట్లవాళ్ళు నన్ను చూసి నవ్వుతారని విన్నాను. నవ్వుకోనీ. నాకు నా పని నచ్చుతుంది, బోసి మెడతో బంగారం మధ్య కూర్చోవడం కూడా నచ్చుతుంది.

పదకొండింటికి పైడమ్మ గారు వచ్చారు, ఈసారి మనవరాలితో. కంటెని కుంకుడు నీళ్ళలో మెత్తటి బ్రష్‌తో కడిగి, తెల్లటి గుడ్డ మీద పెట్టాను. ఏటా అడిగినట్టే, మిషన్ పరీక్ష చేయించి కాగితం ఇప్పించనా అని అడిగాను. ఏటా అన్నట్టే వద్దన్నారు. మనవరాలు ఫోన్ పట్టుకుని కంటెని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నానమ్మా, దీని మీద నంబరేటీ లేదు. ఇది బంగారమేనా?"

పైడమ్మ గారు గడ్డంతో నన్ను చూపించారు. "ఆవిణ్ణడుగు, సెప్తాది."

నేను చెప్పాను. ఆ రోజు ఆ వాకిట్లో ఎంత గట్టిగా చెప్పానో అంత గట్టిగానూ చెప్పాను. అవతల గాజులు చూసుకుంటున్నవాళ్ళు ఉలిక్కిపడి తలెత్తారు.