యూసుఫ్ ఎక్కిన ఓడ

ఓడల పిచ్చిగల హాస్టల్ మిత్రులారా! మా చెరువును మించిన నీళ్లు చూడని ఇబ్రహీంపట్నంలో కూర్చుని మళ్లీ పాండిత్యం వెలగబెడుతున్నందుకు సప్తసముద్రాలకూ నా సాష్టాంగ క్షమాపణలు.

పొగగొట్టాలు చూసి ఓడ పేరు చెప్పేస్తానని ఊరంతా కోసిన కోతలు ఈ రోజు ఫలించాయి. మధ్యాహ్నం దర్జీ కరీం చాచా ఒక ఫోటో తెచ్చాడు. కొడుకు యూసుఫ్ ఓడలో బొగ్గు వేసే నౌకరీలో చేరినప్పుడు బొంబాయి రేవులో దిగింది. వెనక ఓడ ఉంది, పేరు కనబడదు. యుద్ధం కాబట్టి ఉత్తరాల్లోనూ రాయనివ్వరు.

"బిడ్డా, జహాజ్ మునిగిందని పేపర్ల పడ్డది గద. గది గిదేనా? జర చూసి చెప్పు."

"నాయన్నీ ఉత్త కోతలు చాచా. నా మాటేం నమ్ముతవ్?"

"ఊరందరి ముంగట చెప్పినవ్, నాకొక్కనికి చెప్పనీకి ఏమైంది?"

హాస్టల్లో మనం పోగేసిన పాత రేవు ఫోటోల్లో ఆ మునిగిన ఓడను తీసి పక్కన పెట్టాను. చాచా ఫోటోలోని ఓడకీ రెండే పొగగొట్టాలు, దానికీ వెనకది పొట్టి. చాచా నా మొహమే చూస్తూ నిలబడ్డాడు.

అచ్చం అలాంటి ఓడ ఇంకొకటి ఉందని మీలో ఎవరికైనా తెలిస్తే రేపటి బస్సుకే కబురు పంపండి. ఇంతటి పండితుడు చేసిన పని ఒక్కటే. ఫోటో చూస్తున్న భూతద్దం మీద ఊపిరి ఊది, "మసకగున్నది చాచా, ఏం కనబడ్తలేదు" అన్నాను.