వెలుతురు తీగలో డోలు

ఆ రోజుల్లో ఏ పని చేయాలన్నా దాని మెట్లన్నీ ముందుగా నోటుపుస్తకంలో వరుస సంఖ్యలు వేసి రాసుకుంటే తప్ప నాకు చేతులు ఆడేవి కావు. ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని కాలం అది. పనిలేనివాడికి జాబితా చాలా గౌరవం ఇస్తుంది. తిరుపతిలో మా ఇంటి ముందుగదిలో ఒక బల్లమీద నా కంప్యూటర్, దానికెదురుగా మామ కువైట్ నుంచి తెచ్చిచ్చిన స్టీరియో రిసీవరు, దాని రెండు పెద్ద స్పీకర్లు ఉండేవి. ఈ రెంటినీ కలపడమే ఆ దసరాకు నేను నెత్తిన వేసుకున్న కార్యం.

కారణం మా పెదనాయన. పుత్తూరులో ఉండేవాడు, నలభై ఏళ్లు నాదస్వరం వాయించినవాడు. అన్నేళ్లూ ఆయన పక్కన డోలు వాయించిన జోడీ ఆ వేసవిలోనే పోయాడు. ఇద్దరూ కలిసి వాయించింది ఒక్క క్యాసెట్టుగా మిగిలింది, ఐరాలలో ఏదో పెళ్లిలో ఎవరో రికార్డు చేసింది. దాన్ని నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాను (ఎక్కించిన వారానికే మా టేపురికార్డరు ఆ క్యాసెట్టును నమిలేసింది, ఆ సంగతి ఆయనకు చాలా నెమ్మదిగా చెప్పాను). కంప్యూటర్ పక్కనుండే అరచేతంత స్పీకర్లలో వినిపిస్తే పెదనాయన కాసేపు చెవి ఒగ్గి, "నా పీపీ వినపడతాండాది. మావోడు యాడున్నాడప్పా?" అన్నాడు. నిజమే, వాటిలో డోలు మోత డబ్బా మీద వేలితో తట్టినంత కూడా లేదు. విజయదశమికి రమ్మని, డోలు గుండెకు తగిలేట్టు వినిపిస్తానని మాటిచ్చాను.

మాటిచ్చినవాణ్ణి మామూలు తీగ తగిలిస్తే సరిపోయేది. ఎర్ర కొన, తెల్ల కొన ఉన్న తీగ ఒకటి సొరుగులోనే ఉంది. కానీ నా కంప్యూటర్ వెనక డిజిటల్ అవుట్‌పుట్ అనే చిన్న చదరపు రంధ్రం ఉంది, అందులోంచి ఎర్రటి వెలుతురు వస్తుంది. శబ్దం కరెంటుగా కాక వెలుతురుగా పోతే దారిలో గురగుర చేరదు. (ఈ మాట ఇంట్లో ఒక్కొక్కరికీ కనీసం రెండుసార్లు చెప్పాను, పాలుపోసే ఆమెకు ఒకసారి.) మద్రాసు వెళ్లిన స్నేహితుడి చేత ఆ వెలుతురు తీగ తెప్పించి, ఆయుధపూజకు రెండు రోజుల ముందే తగిలించి చూసి, జాబితాలోని పన్నెండు అంశాలకూ టిక్కులు పెట్టాను.

ఆయుధపూజ నాడు మా ఇంట్లో ఏ యంత్రమూ పనిచేయకూడదు, అన్నీ పూజలో కూర్చోవాలి. తీగలన్నీ ఊడదీసి అమ్మకు అప్పగించాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ యథాస్థానంలో తగిలించాను. పదకొండుకు పెదనాయన ఉతికిన పంచెతో వచ్చి, స్పీకర్ల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సాయంత్రం పుత్తూరులో కొత్త శిష్యులకు పాఠం మొదలుపెట్టాలి కనుక మూడు గంటలకల్లా బస్సెక్కాలని ముందే చెప్పాడు.

మీట నొక్కాను. తెరమీద గీతలు ఎగిరాయి. స్పీకర్లు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

జాబితా తీశాను. కంప్యూటర్ రంధ్రంలో వెలుతురు ఉంది. రిసీవరు మీద సరైన మీటే వెలుగుతోంది. తీగ కొనలు గట్టిగానే కూర్చున్నాయి. పన్నెండూ చూసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశాను, రిసీవరునూ ఆపి మళ్లీ వేశాను. భోజనాలయ్యాయి. రెండున్నర అయింది. సొరుగులో తీగ ఉండాది కదా, అది పెట్టరాదా అని అమ్మ అడిగింది. అందులో శబ్దం కొంత నష్టమవుతుందని చెప్పాను.

"ఇప్పుడు వినపడేదానికంటేనా?" అన్నాడు నాయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

పెదనాయన లేచి సంచి భుజాన వేసుకున్నాడు. కోపం లేదు. నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు, గడప దగ్గర ఆగి వెనక్కి వచ్చాడు. "మా పీపీ పలక్కపోతే మేం గొట్టం చూడమప్పా. నోట్లో పెట్టుకునే కొన సూస్తాం. అడ్డం పడేది ఆడే. నీదానికి నోరు యాడుండాది?"

రిసీవరు వైపు కొన లాగి ఆయన చేతికిచ్చాను. కిటికీ వెలుగులో పట్టి చూశాడు. వెలుతురు రావలసిన ఆ గాజులాంటి మొన మీద ఎండిన గంధం, దాని మీద చక్కటి కుంకుమ బొట్టు.

"కొత్త తీగ కదా, దాన్నొక్కదాన్నే వదిలేస్తే బాగుంటాదా?" అంది అమ్మ. "రెండు కొనలకీ పెట్టినా." నిన్న పెట్టేటప్పుడు ఎంత శ్రద్ధగా పెట్టిందో ఆ గొంతులోనే తెలిసింది. నా పన్నెండు అంశాల్లో కొనలు గట్టిగా కూర్చున్నాయా అని ఉంది కానీ, వాటికి పూజ జరిగిందా అని లేదు.

రెండు కొనలూ తడిగుడ్డతో తుడిచి తగిలించాను. మొదటి దెబ్బకే కిటికీ అద్దాలు అదిరాయి. పెదనాయన సంచి దించకుండానే కుర్చీలో కూర్చున్నాడు, కళ్లు మూసుకున్నాడు. కొంతసేపటికి చెయ్యి పైకెత్తాడు.

"ఇప్పుడొచ్చేది విను. ఈడ నాకు ఊపిరి సాలక స్వరం తప్పింది."

నాదస్వరం ఒక్క క్షణం తడబడింది. అదే క్షణంలో డోలు ఉన్నట్టుండి ఉరుకులెత్తి, ఆ తడబాటు మీదుగా దడదడమని వెళ్లిపోయింది. అది నెమ్మదించేసరికి నాదస్వరం ఏమీ జరగనట్టు దారిలో ఉంది. చిన్న స్పీకర్లలో ఇదేదీ వినపడలేదు.

"పెండ్లిలో ఒక్కడికీ తెలీలేదు," అన్నాడు పెదనాయన. "మేళం దించినాక కూడా వాడు నన్ను ఒక్క మాట అన్లేదు."

నేను టెక్నికల్ మనిషిని కదా, నాకు తోచిన ఓదార్పు చెప్పాను. ఆ తప్పును కంప్యూటర్‌లో అతుకు కనపడకుండా తీసేయగలనన్నాను.

పెదనాయన కళ్లు తెరిచి నన్ను చూశాడు. "అది తీసేస్తే, వాడు అంతగా ఎందుకు కొడతాండాడో ఎవురికి తెలుస్తాది నాయనా?"

తర్వాత ఆ ముక్క మళ్లీ వెయ్యమన్నాడు. వేశాను. మళ్లీ వెయ్యమన్నాడు. మూడు గంటల బస్సు పోయింది, దాని వెనక బస్సూ పోయింది. శిష్యులు కాచుకుని ఉంటారని నాయన గుర్తుచేసినా ఆయన కదల్లేదు. ఆ కొన్ని సెకన్ల ముక్కను ఎన్నిసార్లు వేశానో నాకు తెలియదు. అన్నింటికీ సంఖ్యలు వేసుకునే ఆ కుర్రవాడు ఆ పూట లెక్కపెట్టడం మరిచిపోయాడు. ఇప్పుడు తలచుకుంటే, వాడు చేసిన పనులన్నింటిలోకీ నాకు నచ్చేది అదొక్కటే.