నేను అనని ఆమెన్

సిద్దిపేటలో మా కిరాయి ఇంట్లో పొద్దుగూకగానే మా ఆయన, నేను చాప మీద మోకరించేవాళ్ళం. ఆయన ఒక్కొక్కరి కోసం ప్రార్థన చేసి "ఏసయ్య నామంలో అడుగుతున్నాం తండ్రీ" అంటే, నేను ఆమెన్ అనాలి. పిల్లల కోసం, జబ్బుపడ్డవాళ్ళ కోసం అడగడం అయ్యాక, మమ్మల్ని ఏలే నాయకుడి వంతు వచ్చేది. ఆ పెద్దమనిషికి మేమిద్దరమూ ఓటు వేయలేదు. టీవీలో ముఖం కనబడితేనే నాకు ఒళ్ళు మండేది. మా ఆయన మాత్రం పేరుపెట్టి మరీ అతనికి మంచి బుద్ధి, ఆరోగ్యం ఇమ్మని అడిగేవాడు. నేను పెదవులు బిగించేదాన్ని.

ఆయన కళ్ళు తెరవకుండానే అడిగేవాడు. "ఆమెన్ అనవేందే?"

"గాయనకా? నేననను."

"ఓటైతే ఎయ్యకపోతిమి. ప్రార్థనన్న చేద్దాం, పాపం!"

మా ఆయన పోయాక ప్రార్థన నేనే చేసుకుంటున్నాను. ఆ పెద్దమనిషి పేరు కూడా చెబుతున్నాను, మా ఆయన మాటలతోనే. కోపమేమీ తగ్గలేదు. కానీ ఆ పేరు రాకపోతే అది మా ఇంటి ప్రార్థనలా ఉండదు.

ఆమెన్ మాత్రం అనను. పెదవులు బిగించి, కళ్ళు మూసుకుని, మా ఆయన అడుగుతాడేమోనని అలాగే ఉండిపోతాను.