సమాధి మీద మాట

పాత చర్చిలంటే ఉన్న మోజుతో 2014లో గుంటూరు నుంచి శ్రీకాకుళం వెళ్లాను. ఆమదాలవలస దగ్గర ఒక బాప్టిస్టు చర్చి వెనక సమాధుల తోట ఉంది. అందులో ఒక డాక్టరు దొరసాని సమాధి మీద ‘ఎల్లొస్తాను’ అని తెలుగులో చెక్కి ఉంది.

నాకు చర్చి చూపిస్తున్నావిడ రిటైరైన తెలుగు టీచరు. “చెక్కినవాడు తప్పు చేశాడండీ. ‘వెళ్లొస్తాను’ అని దిద్దించకూడదా?” అన్నాను.

“తప్పేటి బాబూ? ఆవిడ తెలుగు మా కాడే నేర్సుకున్నాది. ఇల్లిల్లూ తిరిగి కాన్పులు సేసి, ఎల్లేటప్పుడు ఈ మాటే అనీది. సచ్చిపోయేముందూ ఇదే అన్నాది. పునరుత్థానం రోజున వస్తాది మరి.”

ఆవిడ చీరకొంగుతో ఆ అక్షరాల మీది దుమ్ము తుడిచింది.

“బళ్లో పిల్లలు ఇలా రాస్తే దిద్దీదాన్ని. దీన్ని మాత్రం ఎవుల్నీ దిద్దనివ్వను.”