ఖాళీ నీళ్ళు

"ఊరికే నీళ్ళే కదా" అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. తార్నాకలో మా అద్దె ఫ్లాటుకు వచ్చినవాళ్ళంతా నెలకు పైగా ఆ మాటే అన్నారు. హాల్లో అద్దాల తొట్టి, అందులో నీళ్ళు, బుడబుడమంటూ గాలి పంపు. చేప లేదు, ఏమీ లేదు. ఖాళీ నీళ్ళకు కరెంటు కాలుస్తున్నానని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ చెప్పేవాడు.

ఆ తొట్టి రెండు ఆక్సొలాటల్స్ కోసం. మెక్సికో జంతువు. బల్లి ఆకారం, జానెడు పొడవు, మెడకు రెండు పక్కలా కుచ్చుల్లాంటి మొప్పలు, పుట్టినదగ్గర్నుంచీ చచ్చేదాకా నీళ్ళలోనే. క్యాంపస్‌లో మా ల్యాబులో ఒక నల్లది, ఒక తెల్లది ఉండేవి. నా పీహెచ్‌డీ పని నడిచినన్నాళ్ళూ వాటికి వానపాములు పెట్టింది నేనే. తెల్లది నా వేలు కనబడితే చాలు, అడుగు నుంచి పైకి వచ్చి నోరు తెరిచేది. ప్రాజెక్టు అయిపోయింది, గది ఇంకెవరికో ఇచ్చేశారు. మా గైడ్ నన్ను పిలిచి, "ఆ రెంటినీ డిస్పోజ్ చేసెయ్యమ్మా" అన్నారు, పాత గ్లవుజుల సంగతి చెప్పినంత తేలిగ్గా. వచ్చిన కోపానికి ఆయన ముఖం చూడలేక కిటికీ వైపు చూస్తూ, "నేను ఇంటికి తీసుకెళ్తా సార్" అన్నాను. గది తాళాలు అప్పగించేదాకా గడువు ఇచ్చారు.

తీసుకురావాలంటే తొట్టిలో నీళ్ళు పోస్తే చాలదు. జంతువు వదిలే మలినం అమోనియా అవుతుంది, అది దాని మొప్పల్నే కాలుస్తుంది. ఆ అమోనియాను తినే సూక్ష్మజీవులు ముందుగా తొట్టిలో పెరగాలి. ఒక రకం దాన్ని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. ఇంకో రకం నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇవన్నీ ఎక్కువగా ఫిల్టరు స్పాంజిని పట్టుకుని బతుకుతాయి. అవి నిలదొక్కుకునేదాకా జంతువు లేకుండానే చుక్క చుక్క అమోనియా వేస్తూ, రోజూ చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, పరీక్ష మందు చుక్కలు కలిపి రంగు చూసుకోవాలి. దీన్ని తొట్టి సైక్లింగ్ అంటారు. వారాల పని.

ఇదంతా మా ఆయనకు చెప్పాను. ఒకసారి కాదు. స్పాంజి మీద పట్టిన గోధుమరంగు జిగట మురికి కాదనీ, ఆ రెండింటి ప్రాణం అందులోనే ఉందనీ, పంపు నీళ్ళలో క్లోరిన్ తగిలితే అంతా చచ్చిపోతుందనీ చెప్పాను. అతను ఇంజనీరు. అర్థం కాకపోవడానికేమీ లేదు.

ఆషాఢంలో బోనాలకు ముందు శుక్రవారం ఉదయం గాజు గొట్టంలో రంగు తేలింది. అమోనియా లేదు, నైట్రైట్ లేదు. "ఇవ్వాళ తెస్తున్న" అని ఇంట్లో మా ఆయనతోనూ అత్తమ్మతోనూ చెప్పి క్యాంపస్‌కు వెళ్ళాను. రెండింటినీ మూత బకెట్లోకి దించి, గది తాళం వేసి, ఆఫీసులో తాళాలు ఇచ్చేశాను. ఆటోలో బకెట్ ఒళ్ళో పెట్టుకుని, ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా డ్రైవరును మెల్లగా అంటూ ఇంటికి వచ్చాను.

గడపకు పసుపు, ఇల్లంతా ఫినాయిల్ వాసన. బోనాల ముందు అత్తమ్మ ఇల్లు కడుగుతుందని నాకు తెలుసు. తొట్టి తళతళలాడుతోంది. అద్దం నాలుగు మూలలా కుంకుమ బొట్లు. నీళ్ళలో లేత పసుపు రంగు. స్పాంజి షాపులోంచి ఇప్పుడే తెచ్చినంత తెల్లగా ఉంది.

"బ్లీచింగ్ పౌడర్ ఏసి తోమినం బిడ్డా," అంది అత్తమ్మ సంతోషంగా. "ఎంత జిడ్డుండెనో! కొత్తగ మనింటికొస్తున్నయ్, ఆ మురికిల ఎట్లుంటయ్? ఇంత పసుపు గూడ ఏసిన. నా నడుము వంగదు గద, ఆ స్పాంజి మీ ఆయనే పిండిండు. తెల్లగయ్యేదాంక పిండిండు."

అత్తమ్మ మీద కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. కానీ ఆమెకు తెలియదు. అతనికి తెలుసు.

"నీకు చెప్పిన గదా," అన్నాను.

"పండుగ పూట వద్దంటె అమ్మ బాధ పడతది," అన్నాడు. "నీకు ఫోన్ చేస్తె నువ్వు లొల్లి చేస్తవ్. ఆమె మంచికే చేసింది గదా. ఊరికె నీళ్ళే, మళ్ల పోద్దాం."

ఎవరికీ ఏమీ చెప్పకపోతే గొడవే ఉండదన్నది అతని లెక్క. నేను అరిచాను. కింద ఫ్లాటుదాకా వినబడి ఉంటుంది, వినబడనీ. "మెల్లగ, మెల్లగ" అన్నాడు. దాంతో ఇంకా గట్టిగా అరిచాను. తెచ్చిన చోటికి తిరిగి తీసుకెళ్ళడానికి నా దగ్గర తాళాలు కూడా లేవు.

రెండింటినీ ప్లాస్టిక్ టబ్బుల్లో ఉంచాను. సూక్ష్మజీవులు లేవు కాబట్టి ఇక మిగిలింది ఒక్కటే దారి. రోజూ నీళ్ళన్నీ పారబోసి, క్లోరిన్ విరిచే మందు కలిపిన కొత్త నీళ్ళు పోయడం. ఆదివారానికల్లా అపార్ట్‌మెంటులో అందరూ ఇళ్ళు కడిగి కడిగి సంపు ఎండబెట్టారు. మంచినీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి, ఆ రోజు రాలేదు. ట్యాంకరుకు ఫోన్ చేస్తే పండుగ అన్నారు. వీధిలో డప్పులు మోగుతుంటే నేను టబ్బుల ముందు కూర్చుని, తాగడానికి తెచ్చిన క్యానులో నీళ్ళు వాటికి పోశాను. అవి ఎంతకని వస్తాయి? తెల్లదాని మొప్పల కుచ్చులు చివర్ల నుంచి ముడుచుకుపోయాయి. వానపాము చూపిస్తే తల పక్కకు తిప్పుకుంది. మంగళవారం మధ్యాహ్నం చచ్చిపోయింది.

మా ఆయన వచ్చి చూశాడు. నిజంగానే బాధపడ్డాడు, అది నాకు కనబడింది. "ఆన్‌లైన్ల దొర్కుతయంట, ఇంకోటి తెద్దాం" అన్నాడు. నోరు తెరిస్తే ఏమంటానో నాకే భయం వేసింది. అతను లోపలికి వెళ్ళిపోయాడు.

అత్తమ్మ వచ్చి నల్లదాని టబ్బు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఆమె ఆదివారం నుంచీ సరిగా అన్నం తినలేదు.

"ఆ స్పాంజి కడగొద్దని వానికి ముందుగాల్నే చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన అత్తమ్మా. ఎన్నోసార్లు చెప్పిన."

"చెప్తె ఏమన్నడు?"

"ఊ అన్నడు."

అత్తమ్మ టబ్బు అంచు మీద పడ్డ నీళ్ళను కొంగుతో తుడిచింది.

"మీ మామ గూడ గంతే," అంది. "బతికినన్నొద్దులు నేనేం చెప్పినా ఊ అన్నడు. నేను ఇంటున్నడనే అనుకున్న."