అరచేతిలో స్కూటీ తాళాలు

క్యాంపస్ నుంచి తార్నాక వెళ్లి దోసె తింటుంటే నాకు ఫిట్స్ వచ్చాయి. కళ్లు తెరిచేసరికి అరచేతిలో ఎవరివో తాళాలు ఉన్నాయి. ఒళ్లు మండింది. ఇనుము పట్టిస్తే ఫిట్స్ ఆగవని అందరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది నాకు.

మూగినవాళ్లంతా వెళ్లిపోయారు. ముక్కూ మొహం తెలియని ఓ అమ్మాయి మాత్రం నా తలకింద తన చున్నీ మడిచిపెట్టి, పక్కనే నేలమీద కూర్చుంది.

"ఇంకా ఉన్నావేం? వెళ్లు," అన్నాను విసుగ్గా.

"ఎట్ల పోవాలె అక్కా? గవి నా స్కూటీ తాళాలు."

"తీసుకుని వెళ్లాల్సింది."

"తీస్కుంటే నీకు మల్ల వస్తయేమోనని భయమైంది."

ఇనుము మీద నేనిచ్చే లెక్చరు ఈమెకి ఇవ్వాలనిపించలేదు. ఆమె అప్పుడే వెళ్లిపోకూడదని, తాళాలు ఇంకాసేపు పట్టుకునే ఉన్నాను.